2012–13 స్కాట్లాండ్ థర్డ్ డివిజన్: ఆ సీజన్ కళ్ళారా చూసినవాళ్ళు ఉన్నారా?

ఫోర్త్ గట్టు:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. స్టిర్లింగ్‌లో చదువుకోవడానికి వచ్చి ఏడు నెలలైంది. ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు స్టిర్లింగ్ ఆల్బియన్. ఇప్పుడు లీగ్ టూలో, అంటే స్కాట్లాండ్‌లో పైనుంచి నాలుగో అంచెలో ఆడుతోంది. 2012–13లో ఆ అంచె పేరు థర్డ్ డివిజన్. ఒక శనివారం ఏమీ తోచక స్టేషన్ నుంచి అరగంట నడిచి ఫోర్త్‌బ్యాంక్ స్టేడియానికి వెళ్ళాను. అప్పటి నుంచి ఊళ్ళో మ్యాచ్ ఉంటే మానలేదు.

నా పక్క సీటులో ఎప్పుడూ ఒక పెద్దాయన కూర్చుంటారు. మోకాళ్ళ మీద గళ్ళ దుప్పటి, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు. అభిమానులే డబ్బు పోగేసి 2010లో ఈ క్లబ్బును కొనుక్కున్నారు. ఆ ట్రస్టులో ఆయనా సభ్యుడే. ఆయన యాస నాకు సగమే అర్థమవుతుంది. కానీ 2012 అక్టోబర్ 6 గురించి చెప్పినప్పుడు మాత్రం ప్రతి ముక్కా అర్థమవుతుంది, ఎందుకంటే ఇప్పటికి పదిసార్లయినా చెప్పారు. ఆ రోజు పట్టికలో అట్టడుగున ఉన్న స్టిర్లింగ్ 1–0తో గ్లాస్గో పెద్ద క్లబ్బు రేంజర్స్‌ను ఓడించింది. ఎనిమిదో నిమిషంలో బ్రయన్ అలిసన్ గోల్ కొట్టాడు, మిగిలిన ఎనభై రెండు నిమిషాలూ కాపాడుకున్నారు. స్టిర్లింగ్ మేనేజర్ గ్రెగ్ మెక్‌డొనాల్డ్ అసలు గ్రౌండ్‌లోనే లేడు. ఆ రోజే ఆయన పెళ్ళి.

దాని గురించి చదువుదామని నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా రేంజర్స్ కథే. ఆ లీగ్‌లో ఇంకో తొమ్మిది జట్లున్నాయి కదా, వాటి సంగతి ఎవరైనా చూసినవాళ్ళు చెప్తే వినాలని ఉంది. అప్పట్లో ఇక్కడ ఉన్న అన్నలు, అక్కలు ఉంటే దయచేసి రాయండి.

లెక్కల మాస్టారు:

ముందు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అప్పటికి 54 సార్లు దేశ ఛాంపియన్ అయిన గ్లాస్గో రేంజర్స్ 2012 ఫిబ్రవరి 14న దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. పాత కంపెనీ మూతపడే దశకొచ్చింది, కొత్త కంపెనీ కింద ఆడతామంటే పై లీగ్ క్లబ్బులు చేర్చుకోలేదు. అప్పుడు కింది మూడు డివిజన్లలోని 30 క్లబ్బుల ముందుకు విషయం వచ్చింది. ఫస్ట్ డివిజన్‌లోనే, అంటే రెండో అంచెలోనే పెట్టండి, లేకపోతే టీవీ డబ్బు పోతుందని పైనుంచి బాగా ఒత్తిడి చేశారు. జులై 13న ఓటింగ్ పెడితే 25 క్లబ్బులు అట్టడుగున ఉన్న థర్డ్ డివిజన్‌కే అన్నాయి. టీవీ డబ్బు తగ్గితే ముందు దెబ్బ తగిలేది వాళ్ళకే. తెలిసే అలా ఓటేశారు. నాకు ఆ సీజన్ మొత్తంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ ఓటు.

మిగతా తొమ్మిది జట్లు: ఆనన్ అథ్లెటిక్, బెరిక్ రేంజర్స్, క్లైడ్, ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్, ఎల్గిన్ సిటీ, మాంట్రోస్, పీటర్‌హెడ్, క్వీన్స్ పార్క్, స్టిర్లింగ్ ఆల్బియన్. ఒక్కో జట్టుతో నాలుగేసి మ్యాచ్‌లు, మొత్తం 36. అంటే ప్రతి చిన్న ఊరికీ రేంజర్స్ రెండుసార్లు వచ్చి తీరాలి.

హార్బర్ శీను:

తమ్ముడూ, నేనున్నాను. అదీ మొదటి రోజు.

అప్పట్లో అబర్డీన్‌లో ఆయిల్ సర్వీసెస్ కంపెనీలో పని. నా టీమ్‌లో ఒకాయన పీటర్‌హెడ్ ఊరివాడు. క్రికెట్ తప్ప నాకేమీ తెలియదన్నా వదల్లేదు, ఒక టికెట్ సంపాదించి లాక్కెళ్ళాడు. 2012 ఆగస్టు 11. పీటర్‌హెడ్‌కు రైలు లేదు, అబర్డీన్ నుంచి గంటకు పైగా బస్సు ప్రయాణం. బస్సు దిగగానే చేపల వాసన. నేను వైజాగ్ ఫిషింగ్ హార్బర్ పక్కనే పెరిగినవాణ్ణి, స్కాట్లాండ్ వచ్చాక ఆ రోజే మొదటిసారి మా ఊళ్ళో ఉన్నట్టనిపించింది.

బాల్‌మూర్ చిన్న స్టేడియం. మామూలు శనివారం వందల్లో వస్తారట. ఆ రోజు ఎక్కడ చూసినా జనమే, టీవీ వ్యాన్లు, తీగలు. రేంజర్స్ వాళ్ళు ముందు గోల్ కొట్టారు. ఇక అయిపోయిందనుకున్నాను. రెండో సగంలో రోరీ మెక్‌అలిస్టర్ సమం చేశాడు. మా వాడు నా భుజం పట్టుకుని ఊపుతూ, ఆయన పొద్దున పూట ప్లంబింగ్ పనికి వెళ్తాడు తెలుసా అంటాడు. ఒక పక్క జాతీయ జట్లకు ఆడినవాళ్ళు, ఇంకో పక్క సోమవారం పొద్దున్నే ఎవరింట్లోనో పైపు బిగించాల్సిన మనిషి. 82వ నిమిషంలో మెక్‌లాక్లిన్ ఇంకోటి కొట్టాడు. 2–1, పీటర్‌హెడ్ ముందుంది.

ఆ తర్వాతి ఎనిమిది నిమిషాలు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటాయి. మా వాడు మ్యాచ్ చూడట్లేదు. తల వంచుకుని బూట్ల వైపు చూస్తూ, ప్రతి అరుపుకీ ఏమైంది, ఏమైంది అని నన్ను అడుగుతున్నాడు. నాకు ఆఫ్‌సైడ్ అంటే కూడా సరిగ్గా తెలియదు, నేనే ఆయనకు కామెంటరీ. చివరి నిమిషంలో ఆండీ లిటిల్ సమం చేశాడు. 2–2. నేను చెప్పక్కర్లేకపోయింది, అవతలి వైపు కేకలకే ఆయనకు అర్థమైంది. కాసేపటికి తలెత్తి, పర్లేదు, ఒక పాయింట్ వచ్చిందిగా అన్నాడు.

ఆ రోజు ప్రోగ్రామ్ పుస్తకం కొన్నాను. ఇంకా ఇంట్లో ఎక్కడో ఉండాలి.

ఓరుగల్లు రాణి:

నేను గప్పుడు గ్లాస్గోల ఉన్న. మౌంట్ ఫ్లోరిడాల రూమ్, కిటికీ తీస్తే క్వీన్స్ పార్క్ టీమ్ ఆడే హాంప్డెన్ పార్క్ స్టేడియం కనవడేది. 2012 ఏప్రిల్‌ల పోస్ట్ స్టడీ వర్క్ వీసా తీసేసిన్రు, మా బ్యాచ్ పిల్లలం అందరం మస్తు టెన్షన్‌ల ఉంటిమి. చదువు అయిపోతే ఇంటికి పోవుడేనా అని. శనివారం నాడు ఇంట్ల కూసుంటే అదే ఆలోచన, గందుకే క్వీన్స్ పార్క్ మ్యాచ్‌లకు పోవుడు మొదలువెట్టిన.

క్వీన్స్ పార్క్ అంటే మామూలు క్లబ్ కాదు. 1867ల పుట్టింది, స్కాట్లాండ్‌ల అందరికన్న పాత క్లబ్. గప్పటికి ఆటగాళ్ళకు ఒక్క పౌండు గూడ జీతం ఇయ్యకపోయేది. ఆట కోసమే ఆట అనేది వాళ్ళ నియమం. 2019ల గాని దాన్ని ఇడిసిపెట్టలే. హాంప్డెన్‌ల యాభై వేలకు పైగా సీట్లుంటయి, మేం కొన్ని వందల మందిమి. ఒక్క స్టాండే తెరిచేటోళ్ళు. బాల్ తన్నిన సప్పుడు, ఆటగాళ్ళు ఒకర్నొకరు పిలుసుకునుడు, అన్నీ ఇనవడేవి. ఖాళీ సీట్లకు తగిలి మాట తిరిగొస్తుండె.

గా టీమ్‌ల ఎడమ దిక్కు ఒక బక్కపిల్లగాడు ఉండె, 18 ఏండ్లు. పొట్టిగున్నడని సెల్టిక్ అకాడమీ పంపిచ్చేసింది. మ్యాచ్ లేని రోజు గదే హాంప్డెన్‌ల ఫోన్లు ఎత్తే పని చేసేటోడు. పేరు ఆండీ రాబర్ట్‌సన్. ఈ వయసుల చేతిల పైసలు లేకపోతే బతుకు దండుగ, పని గావాలె అని ట్విట్టర్‌ల రాసిండు. తేదీ సూడున్రి, 2012 ఆగస్టు 18. గదే రోజు అదే డివిజన్‌ల, రేంజర్స్ గ్రౌండ్ ఐబ్రాక్స్‌ల 49 వేల మంది మ్యాచ్ సూస్తున్నరు. ఏడేండ్లకు గా పిల్లగాడే లివర్‌పూల్ తోటి ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తిండు.

గప్పుడు నాకు ఇవేవీ తెల్వయి. మాలెక్కనే పని దొరుకుతలేదని రాసుకున్న పిల్లగాడు, అలుపనేది లేకుంట లైన్ ఎంబడి ఉరుకుతనే ఉంటడు, గంతే తెలుసు. గాయిన్ని సూస్తే నాకు ధైర్యం వచ్చేది.

మా తాత హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ముచ్చట్లు చెప్పేటోడు. 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన టీమ్, రహీమ్ సాబ్ కోచ్. గట్ల గొప్ప టీములుండె, సూడనీకి జనం ఎగవడేటోళ్ళు అని కండ్లు పెద్దగ చేసి చెప్తుండె. హాంప్డెన్ ఖాళీ సీట్ల నడుమ కూసున్నప్పుడల్ల తాతనే యాదికొచ్చేది.

ఎడ్మిస్టన్ డ్రైవ్:

నేను రేంజర్స్ మనిషిని. గోవన్‌లో 2006 నుంచి ఉంటున్నాను. మిగతా తొమ్మిది జట్ల గురించి అడిగారు కాబట్టి ఊరుకుందామనుకున్నాను గానీ, మా వైపు కూడా ఒక మాట వినండి.

ఆ వేసవిలో మా వీధిలో ఎవరింట్లోనూ వేరే మాట లేదు. క్లబ్బు ఉంటుందో ఉండదో తెలియని రోజులు. అయినా 30 వేలకు పైగా సీజన్ టికెట్లు అమ్ముడయ్యాయి. ఆగస్టు 18న ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్‌తో ఐబ్రాక్స్‌లో 49,118 మంది కూర్చున్నాం. నాలుగో అంచె మ్యాచ్‌కు అంతమంది రావడం అప్పటికి ప్రపంచ రికార్డు. 5–1తో గెలిచాం. చివరి రోజు, 2013 మే 4న బెరిక్‌తో మ్యాచ్‌కు 50,048 మంది వచ్చి ఆ రికార్డునూ దాటించాం.

ఆ అక్టోబర్ 6న ఫోర్త్‌బ్యాంక్‌లో నేనూ ఉన్నాను, అవతలి స్టాండ్‌లో. మ్యాచ్ అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. కోట వైపు చూస్తూ స్టేషన్ దాకా నడిచాం. మా నాన్నకు ఫోన్ చేసి ఓడిపోయాం అన్నాను. ఎవరి చేతిలో అని అడిగారు, పేరు చెప్తే అదెక్కడ అన్నారు. అప్పుడే నాకూ తట్టింది, ఆరేళ్ళుగా ఈ దేశంలో ఉండి నేను గ్లాస్గో దాటి చూసిన ఊళ్ళెన్ని అని. ఆ సీజన్‌లో అన్నీ తిరిగాను. మాంట్రోస్‌లో సముద్రం మీంచి వచ్చే గాలికి గోలీ తన్నిన బంతి వెనక్కి తిరిగి రావడం చూశాను. లీగ్ మొదలవకముందే, జులై 29న బ్రీచిన్‌లో కప్ మ్యాచ్‌కు వెళ్ళాను. అక్కడ మైదానానికి ఒక పక్క గోడకు బదులు బీచ్ (beech) అనే చెట్ల కంచె ఉంటుంది, గుబురుగా, నీటుగా కత్తిరించి. యూరప్‌లో పెద్ద పెద్ద స్టేడియాలు చూసిన క్లబ్బు ఆ ఆకుల కంచె పక్కన కొత్త బతుకు మొదలుపెట్టింది.

డంఫ్రీస్ డాక్టరమ్మ:

ఆనన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. పది వేల మంది కూడా లేని ఊరది. 2008లో గ్రెట్నా క్లబ్బు మూతపడితే ఆ ఖాళీలో లీగ్‌లోకి వచ్చింది. 2013 మార్చి 9, నాకు డ్యూటీ. స్టాఫ్ రూమ్‌లో రేడియో పెట్టుకుని ముగ్గురం టీ తాగుతున్నాం, అందులో ఒక నర్సుది ఆనన్. ఐబ్రాక్స్‌లో ఆనన్ 2–1తో గెలిచింది. ఆ అమ్మాయి అరవకుండా రెండు చేతులతో నోరు మూసుకుంది, బయట వార్డులో పేషెంట్లు నిద్రపోతున్నారని. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఇంతే. అప్పటి నుంచి ఆనన్ స్కోరు మాత్రం ప్రతి శనివారం చూస్తాను.

ట్వీడ్ ఒడ్డు:

న్యూకాసిల్‌లో ఉంటాను, ఊరు కావలి. బెరిక్ సంగతి విచిత్రంగా ఉంటుంది. ఊరు ఇంగ్లండ్‌లో, ఆడేది స్కాట్లాండ్ లీగ్‌లో. షీల్‌ఫీల్డ్ పార్క్‌లో మైదానం చుట్టూ స్పీడ్‌వే మోటార్‌సైకిళ్ళ ట్రాక్ ఉంటుంది, అందువల్ల స్టాండ్ నుంచి ఆట దూరంగా కనిపిస్తుంది. 2012 ఆగస్టు 26న రేంజర్స్ వచ్చినప్పుడు వెళ్ళాను, 1–1.

అక్కడ ముసలివాళ్ళెవరూ ఆ రోజు మ్యాచ్ గురించి మాట్లాడలేదు. అందరి నోటా 1967 జనవరి 28. స్కాటిష్ కప్‌లో సామీ రీడ్ గోల్‌తో ఇదే బెరిక్ ఇదే గ్రౌండ్‌లో రేంజర్స్‌ను 1–0తో ఓడించిన రోజు. బెరిక్ గోలీ, మేనేజర్ ఇద్దరూ ఒకరే, జాక్ వాలెస్. తర్వాత ఆయనే రేంజర్స్ మేనేజర్ అయ్యి 1976లో, 1978లో మూడేసి కప్పులు గెలిపించాడు. ఒక తాతగారు నన్ను గోల్‌పోస్టు వెనక్కి తీసుకెళ్ళి, వాలెస్ ఇక్కడే నిలబడ్డాడు అని నేల చూపించారు. మన ఊళ్ళో పెద్దవాళ్ళు రావిచెట్టు చూపించి గాంధీగారు ఇక్కడే కూర్చున్నారని చెప్తారే, అచ్చం అలా.

శాకాహారులకు ఒక మాట: ఈ గ్రౌండ్లలో పై (pie, పిండి లోపల కూర పెట్టి కాల్చేది) అంటే మటన్‌దే ఇస్తారు. మాకరోనీ పై ఉందా అని అడగండి, చాలా చోట్ల ఉంటుంది. బోవ్రిల్ అని వేడివేడిగా కప్పులో ఇచ్చేది గొడ్డుమాంసం సారం, తెలియక తాగేస్తారు.

ఓరుగల్లు రాణి:

@ఎడ్మిస్టన్ డ్రైవ్ అన్నా, మీ బాధ నేను కాదంటలేను. కాని ఒక్కటి అడుగుత. ఆ యేడాది చిన్న క్లబ్బులను రేంజర్సే బతికిచ్చిందని టీవీల పదే పదే చెప్పిన్రు. గదెట్ల? క్వీన్స్ పార్క్ 1867 నుంచి ఉన్నది. గేటు కాడ టికెట్ చింపే ముసలాయన, లైన్లకు సున్నం కొట్టేటాయన, పై అమ్మే అవ్వ, ఎవ్వరికీ జీతం లేదు. రేంజర్స్ రాకముందు ఉన్నరు, పోయినంక గూడ ఉన్నరు. బతికిచ్చింది వాళ్ళు.

ఎడ్మిస్టన్ డ్రైవ్:

ఒప్పుకుంటాను చెల్లీ. టికెట్ డబ్బు సొంత గ్రౌండ్ క్లబ్బుకే వెళ్తుంది కాబట్టి మేం రెండుసార్లు రావడం వాళ్ళకు పనికొచ్చింది, అదీ నిజమే. కానీ బతికించాం అనడం తప్పు. నేనెప్పుడూ అలా అనలేదు. కొన్ని ఊళ్ళలో మాకోసం ఆ ఆడవాళ్ళు అర్ధరాత్రి దాకా పైలు సిద్ధం చేశారని విన్నాను. మా వాళ్ళు వేలమంది వచ్చి తిని వెళ్ళిపోయాం. అందులో ఎంతమంది మళ్ళీ ఆ ఊరు వెళ్ళారో చెప్పలేను. నేను ఎల్గిన్ రెండుసార్లు వెళ్ళాను, మాంట్రోస్ ఒకసారి, మా జట్టు లేకుండానే.

గోదారి బుల్లోడు:

రేంజర్స్ ఆ సీజన్ నాలుగు ఓడిపోయింది కదా? మాంట్రోస్ కూడా గెలిచినట్టు గుర్తు.

లెక్కల మాస్టారు:

మూడే. స్టిర్లింగ్, ఆనన్, ఏప్రిల్‌లో ఐబ్రాక్స్‌లోనే 2–1తో పీటర్‌హెడ్. మాంట్రోస్‌తో డ్రాలు. మార్చి 30న మాంట్రోస్‌తో 0–0 అయిన రోజే రేంజర్స్ ఛాంపియన్ అని తేలిపోయింది. 25 గెలుపులు, 8 డ్రాలు, 83 పాయింట్లు. రెండో స్థానంలో పీటర్‌హెడ్, 59.

శీను గారూ, మీ మిత్రుడికి తర్వాతి ఏడాది బాగుండి ఉంటుంది. 2013లో ప్లేఆఫ్ ఫైనల్లో ఈస్ట్ ఫైఫ్ చేతిలో ఓడినా, 2013–14లో పీటర్‌హెడ్ ఛాంపియన్‌గా పైకి వెళ్ళింది.

అట్టడుగున ముగిసింది ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్. 1974లో అలెక్స్ ఫెర్గూసన్ 32 ఏళ్ళకు మేనేజర్‌గా తొలి ఉద్యోగం చేసిన క్లబ్బు అది. అప్పట్లో చివర నిలిచినా లీగ్ నుంచి తీసేసేవాళ్ళు కాదు. 2014–15 నుంచి రూలు మారింది, ఆఖరి జట్టు కింది ప్రాంతీయ లీగుల నుంచి వచ్చిన జట్టుతో ప్లేఆఫ్ ఆడాలి. 2016లో ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్ అలాగే ఎడిన్‌బరో సిటీ చేతిలో ఓడి బయటికి వెళ్ళింది. 2019లో బెరిక్ వంతు, కోవ్ రేంజర్స్ చేతిలో రెండు మ్యాచ్‌లు కలిపి 7–0. ట్వీడ్ ఒడ్డు గారు చెప్పిన ఆ తాతగారిని తలుచుకుంటే ఈ అంకె రాయడానికే చెయ్యి రావట్లేదు. 1967లో వాలెస్ నిలబడ్డ గ్రౌండ్‌లో ఇప్పుడు పై నాలుగు అంచెల లీగ్ మ్యాచ్ జరగదు, వాటి కింది ప్రాంతీయ లోలాండ్ లీగ్ మ్యాచ్‌లే.

2025–26లో లీగ్ టూలో ఆ పాత పదిలో నాలుగున్నాయి: ఆనన్, క్లైడ్, ఎల్గిన్, స్టిర్లింగ్.

ఓరుగల్లు రాణి:

ఇంకొక్క ముచ్చట చెప్పి ఆపుత. 2025 నవంబర్‌ల హాంప్డెన్‌ల స్కాట్లాండ్ డెన్మార్క్‌ను 4–2 తోటి కొట్టి, 1998 తర్వాత మొదటిసారి వరల్డ్ కప్‌కు పోయింది సూడున్రి. కెప్టెన్ రాబర్ట్‌సన్. రెండో గోల్ కొట్టినాయన లారెన్స్ షాంక్లాండ్. 2012–13ల షాంక్లాండ్ గూడ మా క్వీన్స్ పార్క్ పిల్లగాడే. వందల మంది మేం కూసున్న గదే గ్రౌండ్‌ల, గా ఇద్దరు. నేను ఇప్పుడు హన్మకొండల ఉన్న, తెల్లారగట్ల లేసి ఫోన్‌ల సూసిన. మా పిల్లలు అమ్మ ఎందుకు ఏడుస్తుందని బెదిరిన్రు.

హార్బర్ శీను:

ఫోర్త్ గట్టు తమ్ముడూ, ప్రోగ్రామ్ దొరికింది. అట్టపెట్టెలో గ్యాస్ బిల్లుల కింద ఉంది. ఒక మూల తడిసింది, వాన రోజు కాదు, నా టీ ఒలికింది. మీ పక్క సీటు పెద్దాయనకు చూపించాలని ఉంటే పోస్టులో పంపుతాను. అడ్రస్ మెసేజ్ చెయ్యండి.

ఫోర్త్ గట్టు:

అన్నా, బుధవారం అందింది. శనివారం పట్టుకెళ్ళాను. పెద్దాయన చేతి తొడుగులు తీసేసి, పేజీలు మెల్లగా తిప్పారు. పీటర్‌హెడ్ ఆటగాళ్ళ ఫొటోలు, ఊళ్ళో దుకాణాల ప్రకటనలు అన్నీ చూశారు. తర్వాత ఒక పేజీ దగ్గర ఆగిపోయారు.

అది లీగ్ పట్టిక. మొదటి రోజు పుస్తకం కాబట్టి ఇంకా ఎవరూ ఆడలేదు. అక్షర క్రమంలో వేశారు. పైన ఆనన్, కింద స్టిర్లింగ్, దాని మీద తొమ్మిదో వరుసలో రేంజర్స్. పది పేర్లకూ ఎదురుగా అన్ని గడుల్లోనూ సున్నాలే.

ఆయన అద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు. అడ్డం తిప్పి ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. సరిగ్గా రాలేదని నన్ను తియ్యమన్నారు. పుస్తకం ఉంచేసుకోండి అని శీను అన్న చెప్పాడన్నాను. దుప్పటి మడతలో పెట్టుకున్నారు. ఆట మొదలైంది.